కారులో సబ్ వూఫర్: ముందు పెట్టె, ఆ తరువాతే స్పీకర్

లోతైన స్వరాలు, అంటే బేస్, పలికే స్పీకరైన సబ్ వూఫర్ కొనాలనుకున్నవారు ముందుగా అడిగేవి రెండే: ఎన్ని అంగుళాలు, ఎన్ని వాట్లు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేవి ఆ రెండు అంకెలే కాబట్టి అలా అడగడం సహజమే. అయితే బేస్ గిటార్ మీటిన ప్రతి స్వరమూ విడిగా వినిపిస్తుందా, అన్నీ కలిసిపోయి ఒకే మోతగా చెవిన పడతాయా అన్నది ఆ అంకెలను బట్టి తేలదు. స్పీకర్ వెనుక ఎంత గాలి ఉంది, ఆ గాలి ఎక్కడైనా కారిపోతోందా, పెట్టె గోడలు అదురుతున్నాయా అన్నవే దాన్ని తేలుస్తాయి. ఖరీదైన స్పీకర్‌ను చాలని పెట్టెలో ఇరికించడం కంటే, మామూలు స్పీకర్‌ను దానికి సరిపడే పెట్టెలో బిగించడమే నయం. అందుకే అంగడిలో జరిగే వరుసను తిరగేసి చెబుతున్నాను: మొదట స్థలం, తరువాత పెట్టె, ఆ పెట్టెకు తగిన స్పీకర్, దానికి తగిన యాంప్లిఫయర్, ఆ తరువాత తీగలు, సర్దుబాటు.

డిక్కీని కొలవండి

టేపు తీసుకుని మూడు కొలతలు రాసుకోండి. చక్రాల గుబ్బల మధ్య అతి ఇరుకైన చోట వెడల్పు, వెనుక సీటు వాలును లెక్కలోకి తీసుకుంటూ కిందా పైనా లోతు, ఎత్తు. డిక్కీ లోపల ఎంత చోటున్నా పెట్టె దాని నోటిగుండానే లోపలికి వెళ్ళాలి కాబట్టి నోటి కొలత కూడా తప్పనిసరి. స్టెప్నీ తీయాల్సి వస్తే పెట్టెను సులువుగా పక్కకు జరపగలరా అన్నది ఇప్పుడే ఆలోచించండి.

సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. లెక్కించాల్సింది లోపలి కొలతలనే. 18 మిల్లీమీటర్ల చెక్క వాడితే ప్రతి దిశలోనూ రెండు గోడలకు కలిపి 3.6 సెంటీమీటర్లు పోతాయి. ముందు గోడ వాలుగా ఉంటే కింది లోతు, పై లోతు కూడి సగం చేసి వాడండి.

డిక్కీలో ఏమాత్రం చోటు వదులుకోలేనివారికి సీటు కింద పట్టే, యాంప్లిఫయర్ లోపలే అమర్చిన పలుచని సబ్ వూఫర్లు ఉన్నాయి. తలుపు స్పీకర్లు అందుకోలేని కింది స్వరాలను అవి చక్కగా నింపుతాయి. ఒళ్ళు కదిలించే బేస్ మాత్రం వాటినుంచి ఆశించకండి. కదిలించాల్సిన గాలి పరిమాణం దగ్గర అవి ఓడిపోతాయి.

మూసిన పెట్టెనా, పోర్టు ఉన్న పెట్టెనా

మొత్తం పనిలో అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే. పోర్టు అంటే పెట్టె గోడలో గాలి ఆడేందుకు అమర్చే గొట్టం. తొందరపడకండి.

మూసిన పెట్టెలో చిక్కుకున్న గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే కోను బయటికి వెళితే లోపలికి లాగుతుంది, లోపలికి వస్తే బయటికి నెడుతుంది. ఈ సూత్రాన్ని ఇంటి స్పీకర్లలో వాడుకలోకి తెచ్చినవాడు ఎడ్గర్ విల్చర్. 1954లో ఆయన తన సంస్థ ద్వారా చిన్న పెట్టెలోనుంచి లోతైన బేస్ రప్పించి చూపాడు. మూసిన పెట్టెలో బేస్ ఒక హద్దు కిందికి దిగాక ఆక్టేవ్‌కు, అంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ, 12 డెసిబెళ్ళ చొప్పున మెల్లగా తగ్గుతూ పోతుంది.

ఇక్కడే కారు మనకు సాయం చేస్తుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. కారు లోపలి పొడవు 2.8 మీటర్లు అనుకుంటే, సగం తరంగం సరిగ్గా అందులో పట్టే పౌనఃపున్యం 61 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అంతకంటే కింది స్వరాలకు కారు లోపలి గాలి అంతా ఒక్కసారిగా బిగుస్తూ సడలుతూ ఉంటుంది కాబట్టి పీడనం పెరుగుతుంది. సిద్ధాంతం ప్రకారం ఆ పెరుగుదల కూడా ఆక్టేవ్‌కు 12 డెసిబెళ్ళే. తలుపు సందులూ కదిలే రేకులూ దానిలో కొంత మింగేస్తాయి. అయినా గదిలో పలుచగా అనిపించే మూసిన పెట్టె కారులో నిండుగా వినిపించడానికి కారణం ఇదే.

పోర్టు ఉన్న పెట్టె పనితీరు వేరు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం పలుకుతుంది కదా, పోర్టులోని గాలి కూడా అలాగే తనకు నిర్ణయించిన పౌనఃపున్యం దగ్గర మోగుతుంది. ఆ పరిసరాల్లో కోను చాలా తక్కువ కదులుతూనే ఎక్కువ శబ్దం ఇస్తుంది. అదే యాంప్లిఫయర్‌తో మోత పెరుగుతుంది. అయితే ఆ పౌనఃపున్యానికి దిగువన కోనుకు గాలి ఆసరా పోతుంది. ఆపేదేదీ లేక విపరీతంగా ఊగుతుంది. అందుకే యాంప్లిఫయర్‌లో అతి కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటేనే ఈ రకం పెట్టె జోలికి వెళ్ళండి. పెట్టె పెద్దది కావాలి, పోర్టు పొడవు లెక్క కచ్చితంగా ఉండాలి, పోర్టు ఇరుకైతే గాలి బుసకొడుతుంది. పోర్టులో గాలి వేగం సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూడటం డిజైనర్లు పాటించే హద్దు.

మొదటిసారి చేస్తున్నవారు మూసిన పెట్టెనే ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. పరిమాణంలో పదో వంతు తేడా వచ్చినా మూసిన పెట్టెలో చెవికి దాదాపు తెలియదు. పోర్టు ఉన్న పెట్టెలో చిన్న తప్పు కూడా వినబడుతుంది. రెండు గదుల బ్యాండ్‌పాస్ పెట్టెలు ఇరుకైన స్వర పరిధిలోనే గట్టిగా మోగుతాయి. సంగీతం కోసమైతే వాటిని వదిలేయండి.

ఎవరూ తప్పించుకోలేని నియమం ఇంకొకటి ఉంది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే ఎక్కువ శబ్దం: ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. హాఫ్‌మన్ ఉక్కు నియమంగా దీనికి పేరు. మూడూ ఇస్తానని చెప్పే ప్రకటనను నమ్మకండి.

పెట్టెకు తగిన స్పీకర్

స్పీకర్‌తో వచ్చే కాగితంలో థీల్-స్మాల్ విలువలు అనే పట్టిక ఉంటుంది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాల్లో చేసిన పరిశోధన ఫలితం అది. ఆ పట్టిక ఇవ్వని స్పీకర్‌ను కొనవద్దు. అది లేకుండా పెట్టె కట్టడమంటే గుడ్డిగా ఊహించడమే.

అందులో మీకు కావలసినవి నాలుగు. ఎఫ్ఎస్ అంటే పెట్టె లేకుండా స్పీకర్ తనంతట తాను ఊగే పౌనఃపున్యం. వీఏఎస్ అంటే కోనును పట్టి ఉంచే సస్పెన్షన్ ఎంత మెత్తగా ఉందో దానికి సమానమైన గాలి పరిమాణం, లీటర్లలో. క్యూటీఎస్ ఆ ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెప్పే సంఖ్య. ఎక్స్‌మ్యాక్స్ అంటే ధ్వని చెడకుండా కోను ఒకవైపు ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదో తెలిపేది.

ఒక లెక్క చేసి చూద్దాం. వీఏఎస్ 50 లీటర్లు, క్యూటీఎస్ 0.5, ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్ ఉన్న 12 అంగుళాల స్పీకర్ అనుకోండి. వీఏఎస్‌ను పెట్టె పరిమాణంతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీయాలి. వచ్చినదాన్ని క్యూటీఎస్‌తో గుణిస్తే పెట్టెలో ఉన్నప్పటి క్యూ విలువ, ఎఫ్ఎస్‌తో గుణిస్తే పెట్టెలో ఉన్నప్పటి అనునాద పౌనఃపున్యం వస్తాయి. 50 లీటర్ల పెట్టెలో ఆ వర్గమూలం 1.414. కాబట్టి క్యూ 0.707, పౌనఃపున్యం 42 హెర్ట్జ్. ఈ 0.707 దగ్గర బేస్ ఉబ్బకుండా సమంగా దిగుతుంది.

అదే స్పీకర్‌ను 25 లీటర్లలో పెడితే క్యూ 0.87, పౌనఃపున్యం 52 హెర్ట్జ్. కొంత గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది. చాలామందికి నచ్చుతుంది కూడా. 12.5 లీటర్లకు కుదిస్తే క్యూ 1.12, పౌనఃపున్యం 67 హెర్ట్జ్. ఇక ఏ పాట పెట్టినా ఒకే స్వరం ఉబ్బి వినిపిస్తుంది. మీకు దొరికిన స్థలంలో క్యూ 0.7 నుంచి 0.9 మధ్య వచ్చే స్పీకర్‌ను వెతకండి. 10 అంగుళాలదైనా, 8 అంగుళాలదైనా అదే సరైనది.

ఎఫ్ఎస్‌ను క్యూఈఎస్ అనే మరో విలువతో భాగిస్తే 50 కంటే తక్కువ వచ్చిన స్పీకర్లు మూసిన పెట్టెకు, 100 కంటే ఎక్కువ వచ్చినవి పోర్టు పెట్టెకు సరిపడతాయని ఒక పాత కొండగుర్తు ఉంది. మధ్యలో వచ్చినవి రెండింటికీ ఒదుగుతాయి.

వాట్ల విషయంలో ఆర్‌ఎంఎస్ అంకెను, అంటే ఎడతెగకుండా పనిచేయగల వాట్లను, మాత్రమే చూడండి. పీక్, మ్యాక్స్ అని రాసినవి కొనుగోలు నిర్ణయానికి పనికిరావు.

యాంప్లిఫయర్, ఓమ్‌ల లెక్క

స్పీకర్ ఆర్‌ఎంఎస్ 400 వాట్లయితే, మీరు కలపబోయే ఓమ్‌ల దగ్గర సుమారు 400 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే ఒకే ఛానల్ క్లాస్ డి (కరెంటు వృథా తక్కువ చేసే రకం) యాంప్లిఫయర్ తీసుకోండి. రెండు వాయిస్ కాయిళ్ళు, అంటే కోనును కదిలించే తీగచుట్టలు, ఉన్న స్పీకర్‌లో ఒక్కొక్కటి 2 ఓమ్‌లయితే సిరీస్‌లో 4 ఓమ్‌లు, ప్యారలల్‌లో 1 ఓమ్ అవుతుంది. ఒక్కొక్కటి 4 ఓమ్‌లయితే సిరీస్‌లో 8, ప్యారలల్‌లో 2. యాంప్లిఫయర్ తట్టుకోగల కనిష్ఠ ఓమ్‌ల కంటే కిందికి వెళితే అది వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. ఏ స్పీకర్ ఏ యాంప్లిఫయర్‌తో ఎలా కలుస్తుందో కాగితం మీద గీసుకున్న తరువాతే డబ్బు చెల్లించండి.

క్లాస్ డి సామర్థ్యం 80 శాతం అనుకుంటే 400 వాట్ల కోసం బ్యాటరీ వైపునుంచి 500 వాట్లు లాగుతుంది. 13.8 వోల్టుల దగ్గర అది సుమారు 36 ఆంపియర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, తీగలూ ఫ్యూజూ దీనిమీదే ఆధారపడతాయి.

పెట్టె కట్టడం

18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, అంటే చెక్క పీచును అదిమి చేసిన పలక, మంచిది. బరువుగా, సమంగా ఉంటుంది, అదరదు. గట్టి ప్లైవుడ్ తేలికగా ఉంటుంది, తేమను కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. మన లెక్కలోని 50 లీటర్లకు స్పీకర్ వెనుక భాగం ఆక్రమించే చోటు, లోపలి ఆసరా కర్ర కలపాలి. స్పీకర్‌కు 2.5 లీటర్లు అనుకుంటే, 50 × 40 × 26.5 సెంటీమీటర్ల లోపలి కొలత, అంటే 53 లీటర్లు సరిపోతుంది. కోయించాల్సిన పలకలు ఇవి:

ముందు, వెనుక పలకలు: 53.6 × 43.6 సెంటీమీటర్లు, రెండు.
పైన, కింద పలకలు: 53.6 × 26.5 సెంటీమీటర్లు, రెండు.
పక్క పలకలు: 40 × 26.5 సెంటీమీటర్లు, రెండు.

చేతి రంపంతో తంటాలు పడకుండా పలకలు అమ్మేచోటే యంత్రం మీద కోయించండి. అంచు నిటారుగా ఉంటే సగం సమస్యలు రానే రావు. ఎండీఎఫ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు; కోసేటప్పుడు, గీకేటప్పుడు మాస్కు, కళ్ళద్దాలు ఉండాల్సిందే.

ముందు పలకకు రంధ్రం గీసేటప్పుడు స్పీకర్ బయటి అంచు కొలత కాకుండా కాగితంలో ఇచ్చిన కటౌట్ వ్యాసం తీసుకోండి. 12 అంగుళాలది అనే స్పీకర్‌కు కటౌట్ సాధారణంగా 28 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. స్పీకర్‌ను కొద్దిగా ఒక పక్కకు జరిపితే రెండోపక్క ఆసరా కర్రకు చోటు దొరుకుతుంది. లోపల మూల దగ్గర మొదటి స్క్రూ బిగించేముందే స్పీకర్‌ను ఒకసారి రంధ్రంలో పెట్టి చూడండి.

ఇక కూర్పు. చెక్క జిగురును అంచంతా ఆగకుండా పూయండి. ఎండీఎఫ్ అంచులో నేరుగా స్క్రూ దింపితే పలక చీలుతుంది కాబట్టి ముందు సన్నని డ్రిల్లుతో దారి చేయండి. 50 మిల్లీమీటర్ల స్క్రూలను సుమారు 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున బిగించండి. పట్టు ఇచ్చేది జిగురే. అది ఆరేదాకా పలకలను కదలకుండా పట్టి ఉంచడానికే స్క్రూలు. జిగురు సన్నగా బయటికి ఉబికితే సందు నిండిందని అర్థం. ముందు పలకనుంచి వెనుక పలకదాకా 4 సెంటీమీటర్ల చదరపు కర్ర ఒకటి జిగురుతో నిలబెట్టండి. దానికి ఖర్చయ్యేది 0.4 లీటరు మాత్రమే, అతి పెద్ద రెండు గోడల అదురును మాత్రం బాగా తగ్గిస్తుంది.

లోపలి మూలలన్నిటికీ సీలెంట్ వరుస వేయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడితే దాని ఆవిర్లు స్పీకర్ జిగురును దెబ్బతీయగలవు. కనీసం 24 గంటలు పూర్తిగా ఆరనిచ్చి, ఆ వాసన పోయాకే స్పీకర్ పెట్టండి. వెనుక తీగల టెర్మినల్ చుట్టూ, స్పీకర్ అంచు కింద నురుగు పట్టీ ఉండాలి. పెట్టె కొంచెం చిన్నదైందనిపిస్తే లోపల వదులుగా పాలిస్టర్ దూది నింపండి. గాలి స్ప్రింగు మెత్తబడి పెట్టె కాస్త పెద్దదైనట్టు పనిచేస్తుంది.

స్పీకర్ బోల్టులను కారు చక్రం బోల్టుల మాదిరి ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. తరువాత కోను మధ్యలో రెండు చేతులతో మెల్లగా, సమంగా నొక్కి వదలండి. నిదానంగా తన చోటికి వస్తే పెట్టె బిగుతుగా ఉంది. టక్కున వస్తే ఎక్కడో గాలి కారుతోంది. తక్కువ స్వరం మోగిస్తూ తడి చేత్తో అంచుల వెంబడి తడిమితే ఆ చోటు దొరుకుతుంది.

తీగలు

బ్యాటరీ నెగటివ్ తీసేయకుండా ఏదీ ముట్టుకోకండి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీస్తే రహస్య సంఖ్య అడుగుతాయి, అది ముందే దగ్గర పెట్టుకోండి. గడప పట్టీల కింద, సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి. వాటిని విప్పకండి, వాటి తీగలతో కలిపి కట్టకండి. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజ రంగు తీగలు ప్రాణాంతకమైన వోల్టేజి మోస్తాయి. అక్కడ మీ పని 12 వోల్టుల బ్యాటరీకే పరిమితం, అది కూడా తయారీదారు మాన్యువల్ అనుమతించిన మేరకే.

పవర్ తీగ స్వచ్ఛమైన రాగిది కొనండి. రాగి పూసిన అల్యూమినియం తీగలు చూడటానికి అంతే లావుగా ఉంటాయి, కానీ అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 61 శాతమే. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. మన 36 ఆంపియర్లకు, 5 మీటర్ల పొడవుకు 4 గేజ్ రాగి తీగలో పోయేది 0.15 వోల్టు. 8 గేజ్‌లో 0.37 వోల్టు. నేనైతే 4 గేజే వేస్తాను.

బ్యాటరీ పాజిటివ్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. ఈ ఫ్యూజు కాపాడేది తీగను, దానితో పాటు కారును. తీగ ఎక్కడైనా ఒరుసుకుని రేకుకు తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది. ఫ్యూజు లేకపోతే మంటే. మన లెక్కకు 40 లేదా 50 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఇంజన్ గోడగుండా తీగ వచ్చేచోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. పని మొత్తం అయ్యేదాకా ఫ్యూజును దాని గూట్లో పెట్టకండి.

యాంప్లిఫయర్‌ను కారు లోహపు ఒంటికి కలిపే ఎర్త్ తీగ కూడా అదే గేజ్‌ది, అర మీటరుకు మించకుండా. రంగును మెరిసే లోహం కనిపించేదాకా గీకి, బోల్టుతో బిగించి, పైన తుప్పు పట్టకుండా పూత వేయండి. సీటు బెల్టు బోల్టును మాత్రం వాడవద్దు. కొత్త రంధ్రం చేసేముందు కారు కిందికి వంగి చూడండి, ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి.

స్టీరియోనుంచి యాంప్లిఫయర్‌కు సంకేతం మోసే ఆర్‌సీఏ తీగను పవర్ తీగకు ఎదురుపక్కనుంచి తీసుకెళ్ళండి. ఇంజన్ వేగంతో పాటు పెరిగే కీచు శబ్దం వస్తే ముందుగా ఎర్త్‌ను అనుమానించండి. రిమోట్ తీగ స్టీరియోతో పాటు యాంప్లిఫయర్‌ను వెలిగించి ఆర్పుతుంది. కారుతో వచ్చిన స్టీరియోకు ఆర్‌సీఏ లేకపోతే వెనుక స్పీకర్ తీగలనుంచే సంకేతం తీసుకునే యాంప్లిఫయర్ కొనండి. కొన్ని అలాంటి స్టీరియోలు శబ్దం పెంచేకొద్దీ బేస్‌ను తామే తగ్గిస్తాయి. ఆ తగ్గుదలను యాంప్లిఫయర్ గెయిన్‌తో పూడ్చబోతే చిన్న శబ్దం దగ్గర బేస్ మితిమీరుతుంది.

పెట్టెను కట్టేయండి

స్పీకర్‌తో కలిపి పాతిక కిలోల దాకా తూగే పెట్టె, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనుక సీటులో ఉన్నవారి మీదికి దూసుకొస్తుంది. లోహపు మూల పట్టీలతోనో, కారులో ముందే ఉన్న కొక్కేలకు బలమైన బెల్టులతోనో బిగించండి. బిగించేముందు మాత్రం దాన్ని రకరకాలుగా తిప్పి వినండి. సెడాన్‌లలో స్పీకర్ ముఖం వెనక్కి తిరిగి, డిక్కీ చివరకు దగ్గరగా ఉన్నప్పుడు తరచుగా ఎక్కువ బేస్ వస్తుంది. కొన్ని కార్లలో పైకి చూస్తేనే బాగుంటుంది. డ్రైవరు సీట్లో కూర్చుని ఒకే పాటతో పోల్చండి.

గెయిన్, ఫిల్టర్లు

గెయిన్ మర శబ్దం పెంచే మర కాదు. స్టీరియో ఇచ్చే వోల్టేజికి యాంప్లిఫయర్‌ను సరిపోల్చేది. దీన్ని మల్టీమీటర్‌తో సెట్ చేయండి. స్పీకర్ తీగలు యాంప్లిఫయర్ నుంచి విప్పండి. బేస్ బూస్ట్ సున్నా, స్టీరియో టోన్ సర్దుబాట్లన్నీ మధ్యలో, కింది స్వరాలనే పోనిచ్చే లో పాస్ ఫిల్టర్ పూర్తిగా పైకి. వాల్యూం నాలుగింట మూడు వంతులు పెట్టి 50 హెర్ట్జ్ పరీక్ష స్వరం మోగించండి. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన ఏసీ వోల్టేజి వస్తుంది: 400 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 40 వోల్టులు. మీటరులో ఆ అంకె వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపేయండి. టెర్మినళ్ళను చేత్తో తాకకండి. స్పీకర్లు కాలేది ఎక్కువగా గెయిన్ మితిమీరి, శిఖరాలు తెగిపోయిన సంకేతం వాయిస్ కాయిల్‌ను వేడెక్కించినప్పుడే.

తీగలు తిరిగి కలిపాక లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. తలుపు స్పీకర్లకు పై స్వరాలనే పోనిచ్చే హై పాస్ ఫిల్టర్ ఉంటే దాన్నీ అక్కడే ఉంచండి. పోర్టు పెట్టె అయితే సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను పోర్టు పౌనఃపున్యానికి కొద్దిగా కిందే ఉంచాలి. కోను కదలిక దిశను తిరగేసే ఫేజ్ స్విచ్‌ను 0, 180 మధ్య మార్చి, ఏ స్థితిలో బేస్ నిండుగా ఉండి ముందునుంచే వస్తున్నట్టు అనిపిస్తుందో అక్కడ వదలండి. చివరగా సబ్ వూఫర్ మట్టాన్ని తగ్గించుకుంటూ రండి, శబ్దం డిక్కీనుంచి వస్తోందన్న స్పృహ పోయేదాకా.

ఇప్పుడు నంబరు ప్లేటు, డిక్కీ మూత, వెనుక పలక గలగలమంటాయి. నంబరు ప్లేటు వెనుక నురుగు పట్టీ, మూత లోపలి రేకుకు అదురు తగ్గించే బ్యూటైల్ షీటు అతికిస్తే చాలావరకు ఆగిపోతుంది. గంటల తరబడి 85 డెసిబెళ్ళకు మించి వింటే వినికిడి దెబ్బతింటుంది, పైగా అంబులెన్స్ సైరను వినిపించనంత శబ్దంతో బండి నడపడం ఎవరికీ క్షేమం కాదు.

రెండు వారాలు నడిపాక పెట్టె పట్టీలు, ఎర్త్ బోల్టు, స్పీకర్ బోల్టులు మళ్ళీ బిగించి చూడండి. కాసేపు గట్టిగా వాయించి, ఫ్యూజు గూటినీ తీగ చివర్లనూ తాకండి. ఎక్కడైనా వేడి తగిలితే ఆ కలుపు వదులైందని అర్థం. బ్యాటరీ నెగటివ్ విప్పి, ఆ చివరను మళ్ళీ శుభ్రంగా ఒలిచి, కొత్త లగ్ (తీగ చివర తొడిగే లోహపు కొస) వేసి బిగించండి.